తిన్నగా నిలబెట్టిన గోడ

ఎండ నాలుగూ అయిదుకి వస్తుంది, మబ్బు అడ్డం పడకపోతే. ఇప్పుడు మూడూ ఇరవై. టైలరు కొట్టు మేడ మీద, కిటికీ దగ్గర, స్టాండు మీద కెమెరా బిగించి, కిటికీకీ గుడ్డలు కత్తిరించే బల్లకీ మధ్య మిగిలిన నాలుగడుగుల జాగాలో ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా పాత చెక్కల నేల కదులుతుంది, నేలతోపాటు స్టాండు కదులుతుంది, దాని మీది రసమట్టంలో నీటిబుడగ గీత దాటి పక్కకి జారుతుంది. మళ్ళీ వంగి, మర తిప్పి, బుడగని మధ్యకి తెచ్చుకోవాలి. ఒకచోట కుదురుగా నిలబడితే పోతుంది కదా అంటే, నిలబడలేదు. ఎదురుగా, రోడ్డుకి అవతల, పాత లైబ్రరీ. నూరేళ్ళు దాటిన ఇటుక గోడలు, సున్నపు పూత, మధ్యలో రెండు రాతిస్తంభాల గుమ్మం, గుమ్మానికి అటు మూడు కమాను కిటికీలు, ఇటు మూడు. కాగితం మడిచినట్టు కుడి సగాన్ని మడిచి ఎడమ సగం మీద పెడితే అంచుకి అంచు సరిపోవాలి. సరిపోతుందని ఆరు నెలల కిందట తను తీసిన ఫొటో చెప్పింది. ఆ ఫొటో మాట నమ్మి ఇంజనీరు బావ గోడలు బాగున్నాయని రిపోర్టు రాశాడు. ఆ రిపోర్టు మాట నమ్మి రేపు పొద్దున పదింటికి ఎడమవైపు చదువుకునే గది తెరుస్తున్నారు. పైకప్పు మరమ్మతని ఏడాదిగా మూసి ఉంచిన గది. అరవై కుర్చీలు, అరవైమంది మనుషులు. పరీక్షలకి చదువుకునేవాళ్ళు ఇప్పటికే గుమ్మం దగ్గరికొచ్చి ఏ కుర్చీ ఎవరిదో మాట్లాడుకుని పోతున్నారట.

పొద్దున తొమ్మిదింటిదాకా ఆమెకి ఏ బాధా లేదు. గది తెరిచే సందర్భానికి గుమ్మం పక్కన పెట్టడానికి, బహుమతి కూడా వచ్చిన ఆ ఫొటోనే నిలువెత్తున కావాలని లైబ్రరీ మేడం అడిగితే, అంత పెద్దగా వేయాలంటే సరిచేసిన కాపీ పనికిరాదని, అసలు ఫొటో, కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్నది, వెతికి తెరిచింది. తెరిచి, టీ కప్పు నోటి దాకా తెచ్చి, అక్కడే ఆగిపోయింది. రోడ్డు మీద నిలబడి కట్టడాన్ని తీసేటప్పుడు కెమెరా తల పైకెత్తక తప్పదు, తల ఎత్తిందంటే ఎంత తిన్నని గోడలైనా పైకి పోయేకొద్దీ లోపలికి వాలి, దణ్ణం పెట్టే చేతుల్లా ఒకదానివైపు ఒకటి వంగుతాయి. అది గోడల తప్పు కాదు, కెమెరా తప్పు. అందుకే కంప్యూటర్లో పై మూలలు రెండూ పట్టుకుని బయటికి లాగి నిలబెడతారు, ఈ పని చేసే ప్రతివాళ్ళూ నిలబెడతారు, చెయ్యకపోతే పని రాదంటారు. కానీ ఈ ఫొటోలో కుడి గోడ ఒక్కటే లోపలికి వంగింది. ఎడమ గోడ వంగలేదు. నిటారుగా ఉంది. కెమెరా పక్కకి ఒరిగిందేమో అనుకుందామంటే మధ్య గుమ్మం స్తంభాలు రెండూ ఎలా వంగాలో అలాగే, చెరి కాస్తా వంగి ఉన్నాయి. అన్నీ లోపలికి వంగాల్సిన ఫొటోలో ఒక్కటి నిటారుగా ఉందంటే అది నిటారుగా ఉన్నట్టు కాదు. అసలు గోడ బయటికి ఒరిగి ఉంటేనే ఇక్కడ తిన్నగా కనబడుతుంది. ఈ మాట ఆమెకి టీ చల్లారేలోపే అర్థమైంది.

అప్పుడు తెలియలేదా? ఈ ప్రశ్న పొద్దుట్నుంచి చెవిలో జోరీగ. కుడి పై మూల పట్టుకుని లాగింది, గుర్తుంది. ఎడమ మూల ముట్టుకోనక్కర్లేకపోయింది, అదీ గుర్తుంది, పని సగమే అయిందని సంతోషించడమూ గుర్తుంది. ఎడమ కింది భాగంలో, మూడో కిటికీ కింద, నెలవంక ఆకారంలో ఒక నీడ ఉండేది. చెమ్మ మరక అనుకుంది. అనుకుందా, అనుకోవాలనుకుందా? వేలు ఒక్క క్షణం ఆగింది. ఆగిన వేలు ఆమెకి ఇప్పుడు కూడా కనిపిస్తోంది, గోరు చివర కాస్త విరిగి ఉంది ఆ రోజు. తర్వాత ఆ వేలే కదిలి నీడల్ని తేలిక చేసింది. ముదురుగా తీసిందొకటి, మధ్యస్థంగా తీసిందొకటి, తెల్లగా తీసిందొకటి, మూడూ కలిపి, ఎక్కడా చీకటి లేకుండా, కిటికీల లోపలి బీరువాలు కూడా కనబడేలా, గోడ మీద ముడత లేకుండా. పెళ్ళికూతుళ్ళ మెడల మీద నలుపు తీసినట్టే తీసింది. తన ఫొటో స్టూడియోలో ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది అదేగా. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే స్టూడియో మెట్లు ఎవరెక్కుతారు? ఒక్కడు మాత్రం ఎదురు తిరిగాడు, ఆఫీసు కార్డు కోసం ఫొటో తీయించుకున్న గుమాస్తా. గడ్డం మీది పుట్టుమచ్చ మాయం చేసి పంపితే గేటు దగ్గర కాపలావాడు ఇది నువ్వు కాదు పొమ్మన్నాడట. మర్నాడు వచ్చి కౌంటరు మీద గుద్ది, "నా పుట్టుమచ్చ నాకిచ్చెయ్యండి" అని గొడవ. నెలరోజులు చెప్పుకుని నవ్వారు ఇంటిల్లిపాదీ, అక్క అయితే కళ్ళ నీళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది.

అక్క. అక్క మొహం ఎలా చూడాలి? అమ్మ పోయాక పదకొండేళ్ళ పిల్లని తన కాపురంలోకి తెచ్చుకుని, జడ వేసి బడికి పంపింది అక్క. ఆ ఇంట్లో ఆమె మీద ఒక్కసారి కూడా కసురుకోనివాడు బావ. పదహారో ఏట తన మెడలోని కెమెరా తీసి ఆమె మెడలో వేసి, పని జరిగేచోట్లకి వెంట తిప్పి, ఎండ ఎటు ఉంటే ఎటు నిలబడాలో, మనిషిని పక్కన పెడితే గోడ ఎత్తు ఎలా తెలుస్తుందో చెప్పాడు. "వంకర గోడ ఫొటో తేకమ్మా, నాకు కడుపులో తిప్పుతుంది. తిన్నగా నిలబెట్టి చూపించు" అనేవాడు. కట్టడాల ఇంజనీరు, ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగం, ఇంకో రెండు నెలల్లో రిటైరు. మీ బావ సంతకమంటే రాతి మీద గీత అని అక్క ఊరందరికీ చెప్పుకుంటుంది. ఆ సంతకం పెట్టిన రోజున ఆయన స్టూడియోలోనే ఉన్నాడు. మోకాలు వాచి, స్టూలు మీద కాలు చాపుకుని, తెర వంక కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. "నేను ఎడమ పక్కకి వెళ్ళలేదమ్మా, అక్కడంతా ముళ్ళపొదలు, ఈ కాలుతో ఎక్కడ దూరతాను? నీ ఫొటో చూస్తే చాలదూ. తీగ లాగినట్టుంది గోడ." ఆమె ఏమంది? పొగడ్తకి నవ్వింది. నవ్వి, టీ తెప్పించింది.

కింద కుట్టుమిషను ఆగింది. మెట్లమీద అడుగులు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, కొలతల బాబాయి పైకొచ్చాడు. ఈ వీధిలో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పొద్దుట ఆమె వచ్చి బాబాయ్, మీ మేడ కిటికీ ఒక్క గంట కావాలంటే, ఎందుకని కూడా అడగలేదు. కట్టడం ఎత్తులో సగానికి సరిగ్గా వచ్చే కిటికీ ఇదొక్కటే. ఇక్కడ్నుంచి తీస్తే కెమెరా తల ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు, ఎదురెదురుగా చూడొచ్చు. ఆరు నెలల కిందటే ఈ మెట్లెక్కి ఉంటే! ఎక్కలేదు. రోడ్డు మీద నిలబడితే కింద పూలకుండీలు కూడా వస్తాయని, బొమ్మ నిండుగా ఉంటుందని.

"ఏంటమ్మాయ్, పెళ్ళివారి కోసం చూసినట్టు చూస్తున్నావు ఆకాశంకేసి?"

"ఎండ కోసం బాబాయ్."

"మొన్న బాగానే తీశావుగా. దానికే కదా బహుమతి ఇచ్చారు."

"మళ్ళీ తీయాలి. కొలత తప్పింది."

ఏ మాట వింటే ఆయన ఆగుతాడో ఆ మాటే నోట్లోంచి వచ్చింది. బాబాయి బల్లకి ఆనుకుని, టేపు వేలికి చుట్టుకుంటూ నవ్వాడు. "కొలత తప్పడం మన చేతిలో ఉండదమ్మా ఒక్కోసారి. టేపు చుట్టగానే ప్రతివాడూ ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. వాడు చూపించిన నడుముకి కుట్టానా, తొడుక్కున్న మొదటిరోజే గుండీ ఊడి ఎదుటివాడి కంట్లో పడుతుంది. అందుకని మాటల్లో పెట్టి, వాడు నవ్వినప్పుడు కొలుస్తా." చెప్పి, పై అరలోంచి బట్టల చుట్ట తీసుకుని దిగిపోయాడు. మిషను మళ్ళీ మొదలైంది. పొట్ట. గోడకీ పొట్ట వస్తుంది, తాపీమేస్త్రీలు గోడ పొట్ట వేసిందంటారు. లోపల సున్నం సత్తువ పోయి ఇటుకలు బయటికి ఉబుకుతాయి. నెలవంకలాంటి నీడ. చెమ్మ మరక కాదు, పొట్ట కింద పడిన నీడ. ఆ నీడనే తను తుడిచేసింది.

మూడూ నలభై. కెమెరా తెర మీద నిలువుగీతలు పెట్టుకుని చూస్తే కుడి మూల గీతని అంటుకుని కిందనుంచి పైదాకా పోయింది. ఎడమ మూల సగందాకా గీతతోనే ఉండి, అక్కడ్నుంచి మెల్లిగా విడిపోయి, పైకప్పు దగ్గర బియ్యపుగింజంత దూరం జరిగింది. బియ్యపుగింజే కదా. కటకం దోషం అయి ఉండొచ్చు, అంచుల్లో అద్దం వంచుతుంది ఒక్కోసారి. అందుకని కెమెరాని పక్కకి తిప్పి, ఎడమ మూల సరిగ్గా తెర మధ్యలో పడేలా పెట్టి చూసింది. మధ్యలోనూ అదే గింజ. ఇంక నెపం వేయడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఎండ రావాలి. పడమటి వైపు రెండు ఎత్తు మేడల మధ్య సందులోంచి ఎనిమిది నిమిషాలు ఎండ దూరి, ఈ గోడని పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. ఎదురెండకి గోడలన్నీ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి. పక్కెండకే మిట్టాపల్లం బయటపడుతుంది. అది చూపిస్తే తప్ప బియ్యపుగింజకి బావ ఒప్పుకోడు. ఒప్పుకోడని ఎందుకనుకోవాలి? ఆయన నిజాయితీ గల మనిషి. రెండు నెలల్లో రిటైరయ్యే నిజాయితీ గల మనిషి. పూలదండలు, సన్మానం, అక్క కొత్తచీర కొని పెట్టుకుంది కూడా. వీళ్ళెవరికీ చెప్పకుండా ఈ స్టాండు ముడుచుకుని ఇంటికి పోతే? గోడ ఆరు నెలలు నిలబడింది, ఇంకో ఆరు నిలబడదా? నూరేళ్ళు నిలబడ్డది. నూరేళ్ళు నిలబడ్డదే కదా పడేది. ఛీ, ఏం ఆలోచనలు ఇవి. ఈ ఆలోచన తనకే వచ్చిందంటే, రిపోర్టు మీద సంతకం పెట్టినవాడికి రాదా?

నాలుగు కావస్తుండగా కటకాన్ని దగ్గరికి లాగి లైబ్రరీ కిటికీల్లోంచి లోపలికి చూసింది, చూడాలని కాదు, చేతులకి పని కావాలని. మూడో కమాను కిటికీలో బావ బట్టతల. అటూ ఇటూ కదులుతోంది. రేపటికి ఏర్పాట్లన్నీ దగ్గరుండి చూసుకుంటానని మధ్యాహ్నమే వచ్చాడని అక్క చెప్పింది. ఆయన చెయ్యి పైకి లేచింది, ఇటు, ఇటు అన్నట్టు. వెనకాల ఏదో పొడుగ్గా, బూడిదరంగుగా, కదిలి వస్తోంది. ఇనప బీరువా. పాత పేపర్లు సంవత్సరాలవారీగా కుట్టి పెట్టిన బీరువాలు, ఒక్కోదానికి నలుగురు మనుషులు కావాలి. ఆ ఎడమ గోడకే చేరుస్తున్నారు. ఒకటి చేర్చేశారు, రెండోది తోస్తున్నారు. తోసినప్పుడల్లా నేల అదురుతుంది కదా. నేల అదిరితే. ఇక్కడ తన నాలుగడుగులకే ఈ చెక్కల నేల ఊగిపోతోంది. ఎండా లేదు గిండా లేదు, ఫోను తీసింది. బట్టతల జేబు తడుముకోవడం కటకంలోంచి కనబడుతోంది.

"ఆఁ, చెప్పమ్మా."

"బావా, ఆ బీరువా ఆపించండి. ఆపించి మీరందరూ బయటికి రండి. ఇప్పుడే."

"ఎందుకు? ఎక్కడున్నావు?"

"ఎదురుగా, టైలరు కొట్టు మేడ మీద. కెమెరాతో ఉన్నాను. ముందు బయటికి రండి."

"ఓహో!" ఆయన గొంతులో నవ్వు. "అలా చెప్పవేం మరి. ఒరేయ్, ఆపండర్రా, ఫొటో అట. పదండి బయటికి." ఫోను పెట్టేశాడు. ఆమె ఫొటోకి కాదు బావా అని అరిచింది, మూగపోయిన ఫోనుకి.

నలుగురు కూలీలూ గుమ్మంలోంచి వచ్చి అరుగు మీద కూర్చుని బీడీలు వెలిగించుకున్నారు, వాళ్ళ వెనక లైబ్రరీ మేడం. ఆఖర్న బావ. కుంటుకుంటూ, చొక్కా సర్దుకుంటూ, ఉన్న నాలుగు వెంట్రుకలు అరచేత్తో అదుముకుంటూ, గుమ్మం దగ్గర ఆగకుండా, ముళ్ళపొదలు కొట్టేసి రేపటికి శుభ్రం చేసిన ఎడమవైపు నడిచాడు. నడిచి నడిచి సరిగ్గా మూడో కిటికీ కింద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, మేడకేసి తల ఎత్తి నవ్వాడు. మనిషి పక్కనుంటేనే గోడ ఎత్తు తెలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆమె ఫొటోలు అన్నింట్లో ఆ పక్కనున్న మనిషి ఆయనే. జరగండి బావా అని కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆయన ఇంకో అడుగు వెనక్కి, గోడ దగ్గరికి జరిగాడు. సరిగ్గా అప్పుడే మబ్బు విడిపోయింది. రెండు మేడల సందులోంచి ఎండ పక్కవాటుగా గోడ మీదకి వచ్చి పడింది, ఎవరో గోడ మీద కప్పిన దుప్పటి లాగేసినట్టు. కిటికీ కింద ఇటుకల వరస ఒక్కోటీ లేచి కనబడింది. ఆయన భుజం ఎత్తులో గోడ ఉబికి ఉంది, నిండు నెలల పొట్టలా, దాని కింద నల్లగా నెలవంక. ఆయన నిటారుగా ఉన్నాడు. ఆయన పక్కన మూల పైకి పోతూ పోతూ ఆయన్నుంచి దూరంగా ఒరిగిపోయింది. తీయాలి. ఈ ఎండ ఎనిమిది నిమిషాలు. ఆయన దాని కింద ఉన్నాడు. తీయాలా, పిలవాలా, పిలిస్తే ఇంకో అడుగు వెనక్కి వేస్తాడేమో. ముదురుగా ఒకటి, మధ్యస్థంగా ఒకటి, తెల్లగా ఒకటి. వేలు ఆగలేదు. మూడు మీటలకి పట్టింది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు తను గోడని చూసిందా, బావని చూసిందా అన్నది ఆమెకి తర్వాత ఎప్పుడూ తేలలేదు. తీసిన మరుక్షణం సగందాకా కిటికీలోంచి బయటికి వంగి, వీధంతా తలతిప్పేలా, "బావా! అక్కణ్ణుంచి రండి! గోడ!" అని అరిచింది. బస్సుస్టాపులో వాళ్ళందరూ గోడకేసి చూశారు. ఆయన నవ్వు మాత్రం వెంటనే పోలేదు, మెల్లిమెల్లిగా పోయింది.

మేడ మెట్లు పదహారు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఆయన ఎక్కుతున్న చప్పుడు ఆమె లెక్కపెట్టింది. వచ్చి, రొప్పుతూ, స్టూలు మీద కూర్చోకుండా కెమెరా వెనక నిలబడి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. ఆమె మధ్యస్థంగా తీసింది చూపించింది. తర్వాత ఫోనులో పొద్దుట దొరికిన అసలు ఫొటో, పక్కనే బహుమతి ఫొటో. కుడి మూల లాగడం, ఎడమ ముట్టుకోకపోవడం, నీడ తుడిచెయ్యడం, వరసగా చెప్పింది, గొంతు ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. ఆయన కెమెరా చిన్న తెరలో తన నవ్వుమొహాన్నీ, దాని వెనక గోడ పొట్టనీ చాలాసేపు చూశాడు.

"దీన్ని కూడా సరిచెయ్యలేవా?" అన్నాడు, మెల్లిగా.

హాస్యానికి అన్నాడా, అడుగుతున్నాడా? ఇన్నేళ్ళలో ఆయన గొంతు అలా వినలేదు. చెయ్యగలదు. అదే భయం. పది నిమిషాల పని. "చెయ్యగలను బావా" అంది. "చెయ్యను."

ఆయన కిటికీ దగ్గరికి పోయి అంచు పట్టుకున్నాడు. ఎండ గోడ మీదనుంచి జారిపోతోంది, ముందు నెలవంక పలచబడింది, తర్వాత ఇటుకల వరసలు కలిసిపోయాయి, చూస్తుండగానే గోడ మళ్ళీ సాపుగా, తెల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది. "చూశావా, ఇప్పుడేమీ లేదు" అన్నాడు. ఆయన వీపు కదలట్లేదు. కింద మిషను ఎప్పుడు ఆగిందో, బాబాయి మెట్ల మలుపులో నిలబడి వింటున్నట్టున్నాడు, ఊపిరి వినబడుతోంది. రెండు నెలలు, సన్మానం, చీర, సంతకం, అరవై కుర్చీలు, అన్నీ ఆ వీపులో తిరుగుతున్నట్టు ఆమెకి అనిపించింది, నిజానికి తిరుగుతున్నవి తన తలలో. ఆయన జేబులోంచి ఫోను తీశాడు.

"మేడం, నేనే. కూలీల్ని పంపించెయ్యండి. మీరు కూడా లోపలికి వెళ్ళొద్దు… బ్యాగు ఉంటే ఉండనీండి, వెళ్ళొద్దంటున్నాను కదా. గుమ్మానికి తాళం వేసెయ్యండి… లేదు, రేపు తెరవట్లేదు. ఎప్పుడో తెలీదు… అవును, బాగుందని రాసింది నేనే. తప్పు రాశాను."

"బావా, తప్పు నాది," అంది ఆమె.

"ఫొటో కింద నీ పేరు చిన్నక్షరాల్లో ఉంటుందమ్మా. రిపోర్టు కింద నాది పెద్దగా ఉంటుంది." ఫోను జేబులో పెట్టుకుని మెట్లకేసి తిరిగాడు. "నువ్వు తప్పు ఫొటో ఇచ్చావు. నేను అసలు గోడ దగ్గరికే పోలేదు. ఏది పెద్దదో తర్వాత కూర్చుని తేల్చుకుందాం." రెండు మెట్లు దిగి ఆగాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "మీ అక్కకి నేను చెప్తాను. నువ్వు చెప్పకు. నువ్వయితే ముడతలు తీసేసి బాగా చెప్తావు."

ఆ మాట తగలాల్సినచోట తగిలింది. ఆమె కదలకుండా నిలబడింది, పొద్దుట్నుంచి మొదటిసారి. కిటికీలోంచి చూస్తే ఆయన రోడ్డు దాటుతున్నాడు, బస్సుకి చెయ్యి అడ్డం పెట్టి ఆపి, కుంటుకుంటూ. అటువైపు లైబ్రరీ మేడం తాళంచెవులు పట్టుకుని ఎదురొచ్చింది. మాటలు వినబడవు, చేతులు కనబడతాయి. ఆవిడ చెయ్యి గోడని చూపించింది, ఆయన్ని చూపించింది, ఏడాదిగా మూసిన గదిని చూపించింది, రేపటి కోసం కట్టిన గుడ్డ బ్యానరుని చూపించింది. పరీక్షలవాళ్ళు నలుగురైదుగురు పోగయ్యారు, కూలీలు అరుగు దిగి వచ్చారు. మధ్యలో ఆయన చేతులు కిందికి వదిలేసి, తల ఊపుతూ, ఒక్కడూ నిలబడి ఉన్నాడు. ఆమె కెమెరా విప్పలేదు, స్టాండు కాళ్ళు ముడవలేదు, మొత్తంగా భుజాన వేసుకుంది. "జాగ్రత్త అమ్మాయ్, మెట్లు!" అని బాబాయి గోడకి అతుక్కుని దారిచ్చాడు. మూడు ఇనపకాళ్ళూ మెట్ల గోడలకి గీరుకుంటూ, రోడ్డు మీద హారన్లు మోగుతూ ఉంటే, ఎవరు తిడుతున్నారో చూడకుండా, ఆమె పరిగెత్తి ఆయన పక్కన నిలబడింది.